పలకని కంప్యూటరు

పిల్లలూ! మీరు వంటింట్లో నిలబడి, పక్క గదిలో ఉన్న చెల్లెల్ని పిలిచారనుకోండి. చెల్లెలు పలకలేదు. మళ్ళీ పిలిచారు. అయినా పలకలేదు. అప్పుడు మీరేమనుకుంటారు? "చెల్లెలు గదిలో లేదు," అనుకుంటారు. కాని అది నిజం కాకపోవచ్చు. ఆమె నిద్రపోతూ ఉండవచ్చు. తలుపు గట్టిగా మూసి ఉండవచ్చు. ఆమె ఆ గదిలో కాక మరొక గదిలో ఉండవచ్చు. లేదా, "ఎవరు పిలిచినా పలకకుండా చదువుకో," అని అమ్మ చెప్పి ఉండవచ్చు. చూశారా? పలకకపోవటం ఒక్కటే, దానికి కారణాలు మాత్రం నాలుగు.

ఇటువంటి చిక్కే పోయిన అక్టోబరు నెలలో మా ఇంట్లో ఒక కంప్యూటరుకు వచ్చింది. ఆ రాత్రి నేను కాస్త తొందరపడి ఉంటే మా మనవరాలు నాలుగు నెలలు పడ్డ కష్టం అర నిమిషంలో గాలికి పోయేది. ఎందుకు పోలేదో, చిక్కు ఎట్లా విడిపోయిందో మీకు వరసగా చెబుతాను. రేపు మీ కంప్యూటరు పలకకపోతే మీకు పనికివస్తుంది.

కంప్యూటరులో కంప్యూటరు

ముందుగా ఒక వింత సంగతి తెలుసుకోవాలి. ఒక కంప్యూటరు లోపల ఇంకొక కంప్యూటరు ఉండవచ్చు! దాన్ని వర్చువల్ మెషీను అంటారు. ఇది ఒక పెద్ద ఇంటిలో ఒక గది అద్దెకు ఇవ్వటం వంటిది. ఆ గదిలో ఉండేవాడికి తన పొయ్యి, తన కుండలు, తన తాళంచెవి అన్నీ ఉంటాయి. అయినా గోడలూ కప్పూ ఇంటివాడివే.

లోపలి కంప్యూటరు కూడా అంతే. దానికి మెమరీ ఉన్నది. నిజానికి అది బయటి కంప్యూటరు మెమరీలో ఒక భాగం. దానికి డిస్కు ఉన్నది. నిజానికి అది బయటి డిస్కు మీద ఉన్న ఒక పెద్ద ఫైలు. దానికి నెట్‌వర్కు కార్డు కూడా ఉన్నది. కాని ఆ కార్డును మీరు చేతితో ముట్టుకోలేరు, మర విప్పి ఊడదీయలేరు. అది వట్టి ప్రోగ్రాము! కార్డు ఉన్నట్టుగా లోపలి కంప్యూటరును నమ్మిస్తుంది, అంతే.

ఈ ఆలోచన నిన్నటిది కాదు. అమెరికాలో ఐబిఎం కంపెనీ వారి కేంబ్రిడ్జి కేంద్రంలో 1964లోనే ఈ పని మొదలుపెట్టారు. ఆనాడు ఒక్క కంప్యూటరు ఒక గది నిండా ఉండేది. మనిషికొక కంప్యూటరు ఇవ్వటం ఎవరి తరమూ కాదు. అందుచేత ఒకే యంత్రాన్ని పలువురికి పలు యంత్రాలుగా కనిపించేటట్టు చేశారు. 1972లో ఐబిఎం వారు విఎం/370 అనే పేరుతో దాన్ని అందరి ముందుకూ తెచ్చారు. 1999లో విఎంవేర్ కంపెనీ మామూలు బల్లమీది కంప్యూటర్లకు ఇటువంటి ప్రోగ్రాము తయారుచేసింది. 2007లో వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాము వచ్చింది. దాన్ని పిల్లలు కూడా డబ్బు పెట్టకుండా తెచ్చుకోవచ్చు.

"ఒక కంప్యూటరు చాలదా? లోపల ఇంకొకటి దేనికి?" అని మీరు అడగవచ్చు. బయటిదానికి ఏ చెరుపూ రాకుండా కొత్తవి నేర్చుకోవటానికి! 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును మొదలుపెట్టాడు. మన దేశంలో సి-డాక్ సంస్థవారు తమిళం, తెలుగు మొదలైన మన భాషలు కనిపించే 'బాస్' అనే లినక్సును తయారుచేశారు. ఇటువంటివి నేర్చుకోవాలంటే ఇంట్లో ఉన్న విండోస్ తీసివేయనక్కరలేదు. విండోస్ బయట ఉంటుంది, లినక్సు లోపల ఉంటుంది. మా మనవరాలు చేసిన పని అదే.

వాన లెక్కలు

మా ఊరు రఘునాథపల్లి. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉండేది. 2016లో జనగామ జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. మా మనవరాలు తొమ్మిదో తరగతి. జూన్ ఒకటి నుంచి సెప్టెంబరు ముప్పై దాకా, రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకు, మా పెరట్లో పెట్టిన వానకొలత పాత్రలో ఎన్ని మిల్లీమీటర్ల నీరు పడిందో చూచింది. మొత్తం 122 రోజులు! వాన పడని రోజున సున్న అని వ్రాసింది. రోజూ ఒక చీటీమీద గుర్తు వ్రాసుకొని, సాయంత్రం దాన్ని లోపలి కంప్యూటరులో ఎక్కించింది. ఎక్కించిన తరువాత చీటీ దాచలేదు. అదొక పొరపాటు. దాని సంగతి తరువాత చెబుతాను.

ఆ లెక్కలతో ఆమె ఒక పేజీ తయారుచేసింది. లోపలి కంప్యూటరు ఆ పేజీని వడ్డించాలి. బయటి కంప్యూటరు బ్రౌజరులో అడిగి తెచ్చుకోవాలి. బడిలో వైజ్ఞానిక ప్రదర్శన తెల్లవారితే ఉన్నది. రాత్రి ఎనిమిది గంటలకు పరీక్షించి చూస్తే ఏమున్నది! లోపలి కంప్యూటరులో పేజీ చక్కగా తెరుచుకొంటున్నది. బయటి కంప్యూటరులో తెరుచుకోవటం లేదు. బయటినుంచి పింగ్ చేసినా పలుకు లేదు.

మా మనవరాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దవాణ్ణి గదా, ఏదో ఒకటి చెప్పాలని నేను, "ఆ లోపలి కంప్యూటరును తీసిపారేసి, కొత్తగా పెట్టు బిడ్డా! గంటలో అవుతుంది," అన్నాను. ఆమె తీసివేసే మాట మీద నొక్కింది. ఫైళ్ళన్నీ తుడిచివేయమంటావా, లేక జాబితాలోనుంచి పేరు మాత్రం తీసివేయమంటావా, అని తెరమీద ప్రశ్న వచ్చింది.

ఆమె వేలు ఆగింది. "తాతా! నా వాన లెక్కలు ఏ డిస్కులో ఉన్నై?" అని అడిగింది.

నా గుండె ఝల్లుమన్నది. లోపలి డిస్కు అంటే బయటి డిస్కు మీద ఒక ఫైలే అని పైన చెప్పాను గదా? ఆ ఫైలు తుడిస్తే 122 రోజుల వానా తుడుచుకుపోతుంది. పోయిన వాన మళ్ళీ కురవదు! "వద్దు, వద్దు! వెనక్కు రా," అన్నాను. ముందుగా ఆ లెక్కల ఫైలును ఒక పెన్‌డ్రైవులోకి నకలు తీయించాను. ఆ తరువాతనే ఇద్దరం నిదానంగా కూర్చున్నాము.

స్టేషను మాస్టరు పద్ధతి

కాజీపేట నుంచి సికింద్రాబాదు పోయే రైలుదారి మా ఊరి మీదుగానే పోతుంది. కాజీపేటలో బయలుదేరిన రైలు ఘన్‌పూరు దాటి, రఘునాథపల్లి దాటి, జనగామ చేరాలి. వేళకు జనగామ రాలేదనుకోండి. పట్టాలన్నీ పీకించి కొత్తవి వేయిస్తారా? వేయించరు. "రఘునాథపల్లి దాటిందా?" అని అడుగుతారు. దాటలేదంటే, "ఘన్‌పూరు దాటిందా?" అని అడుగుతారు. ఘన్‌పూరు దాటి, రఘునాథపల్లి దాటలేదంటే చిక్కు ఆ రెండింటి మధ్యనే ఉన్నది! మిగతా దారినంతా వెతకనక్కరలేదు.

కంప్యూటర్ల విషయంలో ఇట్లా అడగటానికి ఒక మంచి పనిముట్టు ఉన్నది. దాని పేరు పింగ్. 1983 డిసెంబరులో అమెరికాలో మైక్ మూస్ అనే ఆయన దాన్ని ఒక్క రోజులో వ్రాశాడు. ఓడలు నీటిలోకి శబ్దం పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి అడుగున ఏమున్నదో తెలుసుకొంటాయి. ఆ శబ్దం 'పింగ్' మని ఉంటుంది గనుక ఆ పేరు పెట్టాడు. బావిలోకి తొంగిచూచి "ఓ!" అని కేక వేస్తే బావి "ఓ!" అంటుంది గదా? అదే ఇది. ఇంకొక తమాషా ఏమంటే, ఏ చిక్కు కోసం ఆయన పింగ్ వ్రాశాడో, ఆ చిక్కు మొదటి పింగ్ పంపకముందే విడిపోయింది. అయినా ఆ పనిముట్టు నేటికీ ప్రతి కంప్యూటరులోనూ పనిచేస్తున్నది.

మేము దగ్గరనుంచి దూరానికి ఒక్కొక్క మెట్టూ పరీక్షించాలని నిశ్చయించుకొన్నాము. ఒక కాగితంమీద అడిగిన ప్రశ్నా, వచ్చిన జవాబూ వ్రాయటం మొదలుపెట్టాము.

మొదటి మెట్టు: తనకు తాను పలుకుతుందా?

ప్రతి కంప్యూటరుకూ 127.0.0.1 అనే ఒక చిరునామా ఉంటుంది. దానికి అర్థం 'నేనే' అని. మీరు 'నేను' అంటే మీరు. నేను 'నేను' అంటే నేను. అట్లాగే ఏ కంప్యూటరులో 127.0.0.1 అని పిలిచినా ఆ కంప్యూటరే పలుకుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి. కథ చివర మళ్ళీ వస్తుంది.

లోపలి కంప్యూటరులో ఆ చిరునామాను పింగ్ చేశాము. వెంటనే పలికింది. లినక్సులో కంట్రోల్, సి అనే కీలు కలిపి నొక్కేదాకా పింగ్ పిలుస్తూనే ఉంటుంది. విండోస్‌లో నాలుగుసార్లు పిలిచి ఊరుకుంటుంది. మొదటి మెట్టు సరే అని కాగితంమీద వ్రాశాము.

రెండో మెట్టు: దాని చిరునామా ఏమిటి?

లోపలి లినక్సులో ఇంగ్లీషు అక్షరాలు ఐ, పి కొట్టి, కాస్త చోటు విడిచి, ఎ కొడితే దాని చిరునామాలు కనిపిస్తాయి. 10.0.2.15 అని కనిపించింది. బయటి విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి చూశాము. ఆ వరసలో 10తో మొదలయ్యే చిరునామా ఒక్కటీ లేదు.

మా మనవరాలు, "లోపలినుంచి ఇంటర్నెట్టు వస్తున్నది తాతా! బయటికి పోగలిగినప్పుడు లోపలికి ఎందుకు రాదు?" అని అడిగింది. మంచి ప్రశ్న. జవాబు వినండి.

ఇంటి నంబరు 1-15 మా ఊళ్ళోనూ ఉంటుంది, మీ ఊళ్ళోనూ ఉంటుంది. ఊరి పేరు లేకుండా ఆ నంబరు ఒక్కటే వ్రాస్తే ఉత్తరం చేరదు. అటువంటి 'ఇంటివరకే చెల్లే' చిరునామాలు కంప్యూటర్లకూ ఉన్నాయి. 10తో మొదలయ్యేవి, 192.168తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి అటువంటివే. 1996లో పెట్టుకొన్న నియమం ఇది. వర్చువల్‌బాక్స్‌లో మామూలుగా పెట్టిన ప్రతి లోపలి కంప్యూటరుకూ 10.0.2.15 అనే చిరునామాయే వస్తుంది. ప్రపంచంలో ఎన్ని ఉన్నా అన్నిటికీ అదే!

మరి ఉత్తరాలు ఎట్లా పోతున్నాయి? ఇంటివాడి దయవల్ల. లోపల అద్దెకున్నవాడు ఉత్తరం వ్రాసి ఇస్తే, ఇంటివాడు దానిమీద తన చిరునామా వేసి పంపుతాడు. జవాబు రాగానే, "ఇది లోపలివాడిది," అని గుర్తుపట్టి ఇస్తాడు. ఈ పద్ధతిని నాట్ అంటారు. కాని లోపలివాడు ముందు వ్రాయకుండా, బయటివాడే ముందుగా 10.0.2.15కు వ్రాస్తే ఆ చిరునామా ఎవరికి తెలుసు? ఎవరికీ తెలియదు. అంచేత బయటికి దారి ఉన్నా లోపలికి దారి లేదు. ఇదే మొదటి ముడి!

దీన్ని విప్పటానికి మూడు దారులున్నాయి. ఒకటి: "ఫలానా తలుపు నంబరు మీద వచ్చినవి లోపలివాడికి ఇవ్వు," అని ఇంటివాడికి ముందే చెప్పి ఉంచటం. దీన్ని పోర్టు ఫార్వర్డింగు అంటారు. రెండు: లోపలివాడికి వీధిలోకి సొంత గుమ్మం పెట్టి, వీధిలో సొంత నంబరు ఇప్పించటం. ఇది బ్రిడ్జి పద్ధతి. అప్పుడు వీధిలోవాళ్ళందరూ నేరుగా వచ్చి తలుపు తట్టగలరు. మూడు: ఇంటివాడి గదికీ లోపలి గదికీ మధ్య ఒక కిటికీ పెట్టటం. వీళ్ళిద్దరూ మాట్లాడుకోవచ్చు, వీధివాళ్ళకు ఆ కిటికీ కనపడదు. దీన్ని హోస్ట్-ఓన్లీ అంటారు.

మాకు కావలసింది కిటికీయే. ఉన్న కార్డును కదిలించకుండా, లోపలి కంప్యూటరును ఆపుచేసి, దానికి రెండో నెట్‌వర్కు కార్డు పెట్టి, హోస్ట్-ఓన్లీ అని ఎన్నుకొన్నాము. మళ్ళీ నడిపించి చూస్తే కొత్త చిరునామా కనిపించింది: 192.168.56.101. బయటి కంప్యూటరుకు ఆ కిటికీవైపు చిరునామా 192.168.56.1. మొదటి మూడు సంఖ్యలూ ఒకటే, చూశారా? అంటే ఇద్దరూ ఒకే వాడకట్టులో ఉన్నారన్నమాట.

ఒక్క సంగతి. మీరు చూచినప్పుడు చిరునామా 169.254తో మొదలైతే, "నాకు చిరునామా ఇవ్వండి," అని ఆ కంప్యూటరు అడిగిందనీ, ఇచ్చేవాడు దొరకక తానే ఒకటి పెట్టుకొన్నదనీ అర్థం. అప్పుడు చిరునామాలు ఇచ్చే ఏర్పాటు నడుస్తున్నదా, లేదా అని చూడాలి. అసలు చిరునామాయే లేకపోతే, వర్చువల్‌బాక్స్ అమరికలో 'కేబుల్ కనెక్టెడ్' అన్నచోట టిక్కు ఉన్నదేమో చూడండి. ఉత్తుత్తి కార్డుకు ఉత్తుత్తి తీగ కూడా ఉంటుంది. అది కూడా ఊడిపోతుంది!

మూడో మెట్టు: ఇటునుంచి అటు, అటునుంచి ఇటు

బయటినుంచి 192.168.56.101ని పింగ్ చేశాము. పలికింది! మా మనవరాలు చప్పట్లు కొట్టింది. తరువాత లోపలినుంచి 192.168.56.1ని పింగ్ చేశాము. పలుకు లేదు. చప్పట్లు ఆగిపోయాయి.

"కావలివాడు అడ్డుపడుతున్నాడు. వాణ్ణి పూర్తిగా తీసివేద్దాము," అన్నాను నేను. విండోస్‌లో ఫైర్‌వాల్ అనే కావలివాడు ఉంటాడు. తెలియనివారు వచ్చి "ఎవరైనా ఉన్నారా?" అంటే పలకకుండా ఊరుకోవటం అతని పని. దొంగలకు ఇంట్లో మనిషి ఉన్న జాడ తెలియకూడదు గదా!

మా మనవరాలు కాసేపు కాగితం చూచి, ఇట్లా అన్నది: "తాతా! బయటినుంచి పిలిస్తే లోపలిది పలికింది. ఆ పలుకు లోపలినుంచే గదా బయటికి వచ్చింది? అంటే దారి రెండువైపులా బాగానే ఉన్నట్టు. కావలివాడు కొత్త పిలుపుకే పలకటం లేదు. మన పేజీకి అడిగేది బయటి కంప్యూటరే గదా, ఇక అతన్ని ఎందుకు తీసివేయాలి?"

ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ మాటకు నా దగ్గర ఎదురుమాట లేదు. ఇంటి తలుపు బిగుసుకుపోయిందని తాళాలన్నీ ఊడబెరికితే అది మరమ్మత్తు కాదు. కావలివాణ్ణి ఉన్నచోటనే ఉండనిచ్చాము. ఒకవేళ నిజంగా అవసరమైతే, ఆ ఒక్క పిలుపుకు మాత్రమే అనుమతి ఇవ్వాలి, మొత్తం ఆపుచేయరాదు.

నాలుగో మెట్టు: ఏ తలుపు?

ఇంతవరకూ ఇల్లు దొరికింది. ఇక గది దొరకాలి. ఒక కంప్యూటరులో పలు పనులు జరుగుతుంటాయి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క తలుపు నంబరు ఉంటుంది. దాన్ని పోర్టు అంటారు. మా మనవరాలి పేజీ 8000 నంబరు తలుపు దగ్గర వడ్డింపుకు సిద్ధంగా ఉన్నది. బయటి బ్రౌజరులో 192.168.56.101 అని వ్రాసి, రెండు చుక్కల గుర్తు పెట్టి, 8000 అని వ్రాసి చూశాము. కనెక్షను నిరాకరించారని వచ్చింది. పేజీ రాలేదు.

ఇక్కడ ఒక చిన్న తేడా గమనించండి. చాలాసేపు ఎదురుచూచి, చివరకు "జవాబు లేదు" అని వస్తే, ఉత్తరం దారిలో పోయిందనో, కావలివాడు నోరు మూసుకొని పారవేశాడనో అర్థం. అట్లా కాక "నిరాకరించారు" అని వచ్చిందంటే, సాధారణంగా ఉత్తరం ఇంటికి చేరిందన్నమాట! "ఈ తలుపు దగ్గర ఎవరూ లేరు," అని ఇల్లే చెప్పిందన్నమాట. అంటే చిక్కు ఇక దారిలో లేదు, ఇంట్లోనే ఉన్నది.

లోపలి కంప్యూటరులో ఏ తలుపుల దగ్గర ఎవరు కూర్చున్నారో చూశాము. లినక్సులో ఎస్, ఎస్ అని కొట్టి, చోటు విడిచి, అడ్డగీత పెట్టి, ఎల్, టి, ఎన్ అని కొడితే ఆ పట్టీ వస్తుంది. 8000 తలుపు దగ్గర మనిషి ఉన్నాడు. కాని అతని చిరునామా చూడండి: 127.0.0.1!

గుర్తున్నదా? 127.0.0.1 అంటే 'నేనే'. ఆ వడ్డించేవాడు తన కంప్యూటరు లోపలివారికి మాత్రమే వడ్డిస్తానని కూర్చున్నాడు. అందుకే లోపల పేజీ చక్కగా కనిపించింది, బయట కనిపించలేదు. పాఠంలో ఉన్న ఆజ్ఞను మా మనవరాలు అక్షరం పొల్లుపోకుండా ఎక్కించింది. అందులో ఆ చిరునామా ఉన్నది. దాన్ని తీసి, 0.0.0.0 అని పెట్టింది. "ఏ వైపునుంచి వచ్చినా వడ్డించు," అని దాని అర్థం. మా కిటికీ ఇంట్లోకే గనుక భయం లేదు. బ్రిడ్జి పద్ధతిలో వీధి గుమ్మం పెట్టి ఉంటే, వీధిలోవాళ్ళందరికీ వడ్డించినట్టే అయ్యేది. అప్పుడు ఆలోచించి పెట్టాలి.

మళ్ళీ అడిగాము. తెరమీద 122 రోజుల వానా బారులు తీరి నిలబడింది! అప్పటికి రాత్రి పదిన్నర అయింది.

ఇవన్నీ మీరూ వ్రాసుకోండి

పిల్లలూ! మొత్తం మీద మాకు చిక్కిన ముడులు రెండు: లోపలికి దారి లేకపోవటం, వడ్డించేవాడు తనవాళ్ళకే వడ్డించటం. కావలివాడి మౌనం మూడో ముడిలాగా కనిపించింది గాని, అది ముడి కానేకాదు. మొదటి ముడి ఒక్కటి విప్పి పేజీ కోసం చూస్తే, "ఏమీ మారలేదు," అనుకొని దాన్ని కూడా వెనక్కు పెట్టేసేవాళ్ళం. మెట్టుమెట్టుకూ వేరు పరీక్ష ఉన్నది గనుకనే ఏది విడిపోయిందో తెలిసింది. ఈ వరస మీ నోటుపుస్తకంలో వ్రాసుకోండి:

1. పోగొట్టుకోలేని ఫైళ్ళను ముందు నకలు తీయండి.
2. తనకు తాను పలుకుతుందేమో చూడండి.
3. చిరునామా ఉన్నదా, ఇద్దరిదీ ఒకే వాడకట్టేనా చూడండి.
4. ఇటునుంచీ అటునుంచీ పిలిచి చూడండి.
5. తలుపు దగ్గర ఎవరున్నారో, ఎవరికోసం ఉన్నారో చూడండి.
6. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చింది కాగితంమీద వ్రాయండి.

మీకొక చిన్న లెక్క. లోపలి కంప్యూటరు ఒక దూరపు కంప్యూటరును సంఖ్యల చిరునామాతో పిలిస్తే పలుకుతున్నది. దాన్నే పేరుతో పిలిస్తే పలకటం లేదు. చిక్కు ఎక్కడ? దారిలో మాత్రం కాదు. సంఖ్యతో పిలిచినప్పుడు పలికింది గదా! పేరు చెబితే సంఖ్య చెప్పే చిరునామా పుస్తకం ఒకటి ఉంటుంది, దాన్ని డిఎన్ఎస్ అంటారు. అది అందటం లేదన్నమాట. ఇంతవరకూ చదివినవారికి ఇది సులువుగానే తెలిసి ఉంటుంది.

మరునాడు ప్రదర్శనలో మా మనవరాలు వాన లెక్కల పక్కనే మేము వ్రాసిన ఆ కాగితాన్ని కూడా అంటించింది. ఇప్పుడు ఆమె చీటీలు పారవేయటం లేదు. ఒక డబ్బాలో దాస్తున్నది.

ఆ రాత్రి నాకు నిద్ర త్వరగా పట్టలేదు. నేను బడిలో ప్రశ్న అడిగినప్పుడు పలకని పిల్లలు ప్రతి ఏడూ కొందరుండేవారు. "వీడికి రాదు," అని అనుకొని పక్కవాణ్ణి అడిగేవాణ్ణి. వాడికి నా ప్రశ్న వినబడలేదేమో, పలకవద్దని భయం కాపలా కాసిందేమో, ఇంట్లో తనవాళ్ళ దగ్గర గలగలా చెప్పేవాడేమో, నేను మెట్టుమెట్టుగా అడిగి చూడలేదు. మీ తరగతిలో అటువంటి నేస్తం ఎవరైనా ఉంటే, వాడికి రాదని అనుకోకండి. దగ్గరకు పోయి ఇంకొక విధంగా అడిగి చూడండి.